పళ్ళ బెల్టుకు గుగ్గిలం

పాలు పొంగకముందే పొంగి పొయ్యి ఆరిపోయినట్టు, బస్సు స్టాండు దాటకముందే బోల్తా పడినట్టు వహీదాకు ముందుగానే కళ్ళకు కట్టేది. పెళ్ళయిన కొత్తలో మొగుడు వలి బాషా దీన్ని చిన్నతనం అనుకున్నాడు. పెద్దయ్యాక తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. "నీకు భయపడనీకె ఏం దొరక్కపోతే, ఎందుకు దొరకలేదా అని భయపడతావే నువ్వు," అని నవ్వేవాడు.

ఈసారి మాత్రం ఆయనకూ నవ్వు రాలేదు.

కొడుకు ఖాలిద్ పనిచేసే మిక్సీల రిపేరు దుకాణం మూతపడింది. ఓనరు సామాను లారీకెత్తుకుని ఒంగోలు వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళ పిల్లాడు ఇంట్లో కూర్చుంటే ఎట్లా అని నలుగురూ అంటుండగానే మాలకొండయ్య దగ్గరినుంచి కబురొచ్చింది. మార్కాపురంలో పలకరాయి కోసే షెడ్లు చాలా ఉన్నాయి. వాటిల్లో మాలకొండయ్యదొకటి. "సోమవారం నుంచి వాణ్ణి రంపం దగ్గరికి పంపియ్యి బాషా, మనిషి తక్కువగా ఉండాడు," అన్నాడట. ఆ షెడ్డులోనే, ఆ రంపం దగ్గరే వలి బాషా కుడిచేతి మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. మాలకొండయ్య చెడ్డవాడు కాదు. అప్పుడు ఆసుపత్రికి జీపులో తీసుకుపోయింది ఆయనే. ఇప్పుడు పని ఇస్తానంటున్నదీ ఆయనే. అందుకే వద్దనడానికి ఈ ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

తప్పించుకోవడానికి ఒకే ఒక దారి కనపడింది. అది ఖాలిద్ బండి.

బండి అంటే ఎక్కి తిరిగేది కాదు. మూరెడు పొడుగుండే లారీ. లావుపాటి టైర్లు, లోపల బ్యాటరీ, మోటారు. చేతిలో రిమోటు పట్టుకుని దూరంగా నిలబడి నడుపుతారు. రాళ్ళూ గుంటలూ లెక్కచేయకుండా ఎక్కి దిగుతుంది. ఖాలిద్ అక్కడొక ముక్కా ఇక్కడొక ముక్కా తెచ్చి రెండేళ్ళు కూర్చుని తయారు చేసుకున్నాడు. దాన్ని పిల్లల ఆటగానే చూసింది వహీదా. గిద్దలూరు మనిషి జాకబ్‌కు బెంగళూరులో ఇలాంటి బండ్లు బిగించే, బాగుచేసే వర్క్‌షాపు ఉందనీ, ఆయన ఆదివారం మార్కాపురం వచ్చి ఊరి బయట గనుల దగ్గర కుర్రాళ్ళ బండ్లకు పందెం పెట్టి చూస్తాడనీ, ఒకణ్ణి పనిలోకి తీసుకుంటాడనీ తెలిసిన రోజునుంచి మాత్రం ఆ లారీని గుడ్డతో తుడిచి పెట్టడం మొదలుపెట్టింది.

"గెలిచినోడే కావాలని లేదంట అమ్మీ. బండి గురించి బాగా తెలిసినోడు కావాలంట," అన్నాడు ఖాలిద్.

"నీకు తెలుసు గదా?"

"తెలుసు లే."

"లే అంటావేంది? తెలుసని గట్టిగా చెప్పు."

శనివారం సాయంత్రం ఖాలిద్ స్నేహితుడు సురేంద్ర తన బండి చంకలో పెట్టుకుని వచ్చాడు. వాళ్ళది అర్ధవీడు దగ్గర పల్లె. ఇక్కడ రూము తీసుకుని కరెంటు పని చేస్తాడు. వాడూ రేపు జాకబ్ ముందు బండి నడిపేవాడే. ఇద్దరూ వసారాలో కింద కూర్చుని బండ్లు విప్పారు. వహీదా కుట్టుమిషను మీద నల్ల గొడుగుగుడ్డతో ఒక సంచిలాంటిది కుడుతోంది. బండి లోపలికి దుమ్ము పోకుండా పైన తొడిగే ముసుగు అది. అంచుకు అంటుకునే పట్టీ. ఖాలిద్ కొలతలు ఇచ్చి కుట్టమన్నాడు.

"అత్తా, నువ్వు ముసుగు కాదు, కఫన్ కుట్టాల. రేపు ఈని బండికి అదే," అన్నాడు సురేంద్ర.

"నీ నోట్లో మన్ను పడ. శనివారం పూట శవం గుడ్డ మాటలేందిరా!" వహీదా చెయ్యి ఆగిపోయింది.

"ఊరికే అన్నా అత్తా. ఈనిది బెల్టు బండి గదా. మోటారు తిరిగితే బెల్టు తిరగాల, బెల్టు తిరిగితే చక్రాలు తిరగాల. నీ కుట్టుమిషన్ మాదిరి. ఆ గనుల్లో రాతిముక్క ఒకటి ఎగిరి బెల్టుకింద పడిందనుకో, అంతే సంగతి."

"నీదేంది మరి? మిక్సీలో రాళ్ళేసినట్టు ఊరంతా వినపడతది," అన్నాడు ఖాలిద్.

"వినపడనీ. బెల్టు లేదు, ఏం లేదు. ముందునుంచి ఎనక్కి ఒకటే ఇనప కడ్డీ, అదే షాఫ్టు. రెండు కొనలకూ పళ్ళచక్రాలు. తెగేదానికి ఏముందిరా దాంట్లో?"

"తెగదు. రిమోటు గట్టిగా ఒత్తి చూడు. షాఫ్టు ఎటు తిరిగితే అటు బండి ఒళ్ళంతా ఒరుగుతది, కల్లు తాగినోడి మాదిరి. నాది చూడు." ఖాలిద్ బండిని ఎత్తి పట్టుకుని రిమోటు నొక్కాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి, చప్పుడు లేకుండా తిరిగాయి. బండి చేతిలో కదలనైనా కదల్లేదు. "నెయ్యి మాదిరి పోతది. ఎక్కుడు కాడ జారదు, దిగుడు కాడ ఎగరదు."

"మరి దీనికి గండమే లేదా?" అని అడిగింది వహీదా. ఆమె ఏదైనా అడిగితే గండం గురించే అడుగుతుంది.

ఖాలిద్ తల ఎత్తలేదు. "ఒకటుంది అమ్మీ. బెల్టు జారకూడదు. ఒక పన్ను జారిందంటే ఇంక వరసబెట్టి జారతాయి. నేను బిగువు సరిగ్గా పెట్టినా లే, ఏం కాదు."

ఆ చివరి మాట ఆమె చెవికెక్కలేదు. బెల్టు జారకూడదు అన్నది మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

అన్నం పెట్టేటప్పుడు మొగుణ్ణి అడిగింది. "మీ షెడ్డులో బెల్టు జారితే ఏం చేసేటోళ్ళు?"

వలి బాషా ఎడమచేత్తో తింటాడు. ముద్ద ఆపి ఆమెవైపు చూశాడు. షెడ్డు సంగతి ఆమె తనంతట తాను ఎత్తడం ఆయన ఎప్పుడూ వినలేదు. రేపటి భయంలో అడుగుతోందిలే అనుకున్నాడు.

"ఏముంది, గుగ్గిలం పొడి కొట్టేటోళ్ళం. అరచెయ్యి వెడల్పు తోలు బెల్టు గదా అది. వానాకాలం బాగా జారేది. గుప్పెడు పొడి చల్లితే పట్టు దొరికేది. అది పట్టిందంటే ఏనుగు లాగినా జారదు."

"అంత పట్టా!"

"అంత పట్టు. నా వయసంతా దాని వాసనే."

ఇంట్లో గుగ్గిలానికి లోటు లేదు. నల్లమల అడవిలో జిగురూ గుగ్గిలమూ ఏరుకొచ్చే అంకాలమ్మ నెలకోసారి గంపతో వీధిలోకి వస్తుంది. గురువారం సాయంత్రం ఇంట్లో పొగ వెయ్యడానికి వహీదా ఆమె దగ్గరే కొంటుంది. పసుపుపచ్చని గడ్డలు డబ్బాలో సగం దాకా ఉన్నాయి.

ఆదివారం తెల్లవారి నమాజు అయ్యాక ఖాలిద్ స్నానానికి వెళ్ళాడు. వహీదా రెండు గడ్డలు నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, మెత్తటి పొడి తీసింది. బండి వసారాలో బల్లమీద ఉంది, తాను కుట్టిన నల్ల ముసుగు తొడుక్కుని. బిస్మిల్లా అనుకుని పట్టీ లాగి ముసుగు ఎత్తింది. లోపల సన్నటి నల్ల బెల్టులు రెండు, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ. వేలితో తాకి చూసింది. బెల్టు లోపలివైపు వరసగా సన్నటి పళ్ళున్నాయి. అవి చక్రం పళ్ళ మధ్యలో కూర్చున్నాయి.

పళ్ళుంటే ఇంక ఎందుకు జారుతుంది అని ఒక్క క్షణం అనిపించింది. వాడే కదా చెప్పాడు, ఒక పన్ను జారితే అన్నీ జారతాయని? పళ్ళను నమ్మడానికి లేదు. తన దవడపళ్ళు రెండు ఎట్లా పోయాయో తనకు తెలియదా? దూదితో పొడి అద్ది, చక్రాన్ని వేలితో తిప్పుతూ బెల్టు చుట్టూ, చివరిదాకా, ఎక్కడా వదలకుండా పట్టించింది. మళ్ళీ ముసుగు కప్పి పట్టీ గట్టిగా అదిమింది.

ఖాలిద్ తల తుడుచుకుంటూ వచ్చాడు. చెబుదామా అనుకుంది. చెబితే తుడిచేస్తాడు. తుడిచేశాక బెల్టు జారితే? ఆ ఆలోచనతోనే ఆమె నోరు మూతపడింది.

"ఏంది అమ్మీ, అట్ల చూస్తన్నావు?"

"ఏం లేదు. నేనూ వస్తా గనుల కాడికి."

"నువ్వా? ఎండలోనా?"

"వస్తా అంటే వస్తా."

గనుల దగ్గర కోసి పారేసిన పలకరాతి ముక్కలు కొండల్లా పేరుకుపోయి ఉన్నాయి. డంపు అంటారు. నల్లగా, చాకుల్లా అంచులు తేలి, అడుగేస్తే గలగలమంటూ జారే రాళ్ళు. వాటిమధ్య సున్నంతో గీత గీసి దారి పెట్టారు. కుర్రాళ్ళు ఏడెనిమిది మంది బండ్లతో నిలబడ్డారు. చూసేవాళ్ళు ఇంకో యాభై మంది. జాకబ్ టోపీ పెట్టుకుని, చొక్కా చెమటకు తడిసి, అందరి బండ్లూ వంగి వంగి చూస్తున్నాడు. గిద్దలూరు వదిలి ఏళ్ళయినా మాట మారలేదు.

వహీదా చున్నీ నెత్తిన లాక్కుని ఒక పక్కగా నిలబడింది. వలి బాషా కుర్రాళ్ళ మధ్యకు వెళ్ళాడు.

"అత్తా, ఆ రాయిమీద కూచోవాక, కాలతది," అని అరిచాడు సురేంద్ర. తన తువ్వాలు తెచ్చి పరిచి పోయాడు.

విజిలు ఊదారు. బండ్లన్నీ ఒక్కసారిగా ఉరికాయి. ఇనుము రుద్దుకునే చప్పుళ్ళు, దుమ్ము, అరుపులు. రెండు బండ్లు మొదటి మలుపులోనే గుద్దుకుని తలకిందులయ్యాయి. సురేంద్ర బండి గీక్కుంటూ, పక్కకు ఒరుగుతూ, అయినా ఆగకుండా పోతోంది. వాటన్నిటికంటే ముందు ఖాలిద్ నల్ల బండి. అది రాళ్ళమీద పోతున్నట్టు లేదు. నీళ్ళమీద పోతున్నట్టుంది. ఎగుడు ఎక్కేటప్పుడు ముక్కు లేవలేదు. దిగేటప్పుడు తోక ఎగరలేదు.

"ఎవురిదిరా ఆ నల్లది? సప్పుడే లేదే!" అన్నాడు జాకబ్. ఆయన గీత దాకా నడిచి వెళ్ళి మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని దాన్నే చూడసాగాడు.

సంతోషమంటే వహీదాకు అలవాటు లేని వస్తువు. ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. గుగ్గిలం పట్టిందన్నమాట, అనుకుంది. ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అని పెదవులు కదుపుతూ లెక్క తప్పింది.

కొంతసేపటికి బండి చప్పుడు మారింది. మొదట ఆమె ఒక్కతే విన్నదేమో. ప్రతి చుట్టులోనూ ఒకచోట టిక్కుమంది. తర్వాత టిక్ టిక్. ఖాలిద్ మొహం ముడుచుకుంది. వేగం తగ్గించాడు. తగ్గించినా అది ఆగలేదు. కిర్రున అరిచి, మోటారు వట్టిగా తిరుగుతూ, చక్రాలు మాత్రం బిగుసుకుపోయి ఎగుడు మధ్యలో నిలబడిపోయింది. వెనకనుంచి సురేంద్ర బండి ఒరుగుతూ, గోలపెడుతూ దాన్ని దాటి వెళ్ళింది.

ఖాలిద్ రాళ్ళమీద పరుగెత్తి బండి తెచ్చాడు. జాకబ్ కూడా వచ్చాడు. చుట్టూ మూగారు. వహీదా అందరి భుజాల మధ్యనుంచి తల దూర్చింది.

ఖాలిద్ ముసుగు ఎత్తగానే వాసన గుప్పుమంది.

"ఏందిరా, పీర్ల చావిడి వాసన వస్తంది!" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

బెల్టు వేడికి గుగ్గిలం కరిగి జిగురైంది. గుడ్డ సందుల్లోనుంచి దూరిన రాతిపొడి మామూలుగా అయితే ఎగిరిపోయేది. ఇప్పుడు ఆ జిగురుకు అంటుకుని, చక్రం పళ్ళ సందులన్నీ తారు పోసినట్టు పూడిపోయాయి. కూర్చోవడానికి చోటు లేక బెల్టు పైకెక్కి, పళ్ళు రాలి, ఒక పక్క పోగులు పోగులుగా చీలిపోయింది. ఖాలిద్ వేలితో ఆ జిగురు గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. తల తిప్పి తల్లివైపు చూడలేదు. చూడకపోవడంతోనే వాడికి తెలిసిపోయిందని వహీదాకు అర్థమైంది.

"ఎవురేసినారు ఇది?" అన్నాడు జాకబ్.

"నేనే సార్," అన్నాడు ఖాలిద్.

"నువ్వా? పళ్ళ బెల్టుకు గుగ్గిలమా? పళ్ళు లేని పాతకాలపు పట్టా బెల్టులకు వేస్తారయ్యా అది. దీన్ని పట్టుకొనేది పళ్ళు గదా. ఇంత బాగా బిగిచ్చినోడివి, ఆమాత్రం తెలీదా?"

ఖాలిద్ వేలికంటిన జిగురు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

వహీదా మనుషుల్ని నెట్టుకుని ముందుకొచ్చింది. "వాడు కాదు నాయనా. నేను. పొద్దున్నే నేనే పూసినా. వానికి తెల్వనే తెల్వదు. బెల్టు జారకూడదన్నాడు, అందుకని..." వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు. వలి బాషా వాడివైపు చూసి, తర్వాత భార్యవైపు చూశాడు. రాత్రి ఆమె ఎందుకు అడిగిందో ఆయనకు అప్పుడు తెలిసింది. "చెప్పింది నేను," అని మెల్లగా అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

జాకబ్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది. కోపమైతే కాళ్ళు పట్టుకోవచ్చు.

"మీమీద నాకేం కోపం లేదమ్మా. మీరు బిడ్డ మంచికే చేసినారు. కానీ..." ఖాలిద్‌వైపు తిరిగాడు. "పందెంలోకి దించేముందు ముసుగు ఎత్తి ఒకసారి చూసుకోవాల గదయ్యా? నా దగ్గరికొచ్చేవి జనాల బండ్లు. ఎవరేం చేసినా నువ్వు చూసుకోవాల."

"అవును సార్."

"ఎందుకు చూసుకోలేదు?"

ఖాలిద్ ముసుగు అంచు నిమిరాడు. "మా అమ్మీ కుట్టింది సార్ ఆ ముసుగు. ఊరికే ఎత్తితే పట్టీ వదులైతదని ఎత్తలేదు."

చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది వహీదా.

సురేంద్ర ముందుకొచ్చాడు. చేతిలో వాడి బండి ఇంకా వేడిగా ఉంది. "సార్, నిజం చెప్తన్నా. బండి తెలిసింది వానికే. నా బండిలో పళ్ళచక్రాలు కూర్చోబెట్టింది కూడా వాడే. వాణ్ణి తీసుకోండి సార్."

"ఒక్కడికే చోటుంది సురేంద్రా. నువ్వు బండిని చివరిదాకా నిలబెట్టినావు. నువ్వు రా," అన్నాడు జాకబ్. తర్వాత వహీదాతో, "మళ్ళా చూద్దాంలే అమ్మా," అన్నాడు.

"మళ్ళా అంటే ఎప్పుడు నాయనా?"

"చూద్దాం."

ఆ మాట వహీదాకు తెలుసు. కుట్టడం వల్లకాని జాకెట్లు ఎవరైనా తెస్తే తానూ అదే అంటుంది.

ఆటోలో ఇంటికొస్తుంటే బండి ఆమె ఒళ్ళో ఉంది. ఖాలిద్ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. తిడతాడేమోనని ఎదురుచూసింది. తిట్టలేదు. చివరికి తానే అడిగింది. "ఒక్క మాటన్నా అనరా."

"ఏమనాల అమ్మీ? తెలీక చేసినావు. అడిగింటే చెప్పేటోణ్ణి గదా."

"అడిగితే నువ్వు వద్దంటావని..."

"వద్దనేటోణ్ణే," అన్నాడు ఖాలిద్. అని, ఎందుకో నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే మాలకొండయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగుమీద పడకకుర్చీలో ఉన్నాడు.

"అన్నా, వాణ్ణి లోడింగు కాడ పెట్టుకోండి. లేకుంటే చీటీలు రాసే కాడ. వాడు పదో తరగతి పాసైనాడు."

"లోడింగుకు మనుషులుండారమ్మా. రంపం కాడే మనిషి లేడు."

"ఆ రంపం కాడే గదన్నా ఆయనకు..."

మాలకొండయ్య తల వంచుకున్నాడు. "నాకు గుర్తులేదా? అది పాత మిషను, అమ్మేసినా. ఇప్పుడుండేది కొత్తది. దానికి మూత ఉండాది, ఎర్ర బటన్ ఉండాది. ఏం కాదులేమ్మా."

మూత ఎత్తి ఎవరైనా చూసుకుంటారా అన్నా, అని అడగబోయి మానుకుంది. ఆ మాట అడిగే మొహం తనకు లేదు.

సోమవారం పొద్దున ఖాలిద్ పాత ప్యాంటు వేసుకున్నాడు. డబ్బాలో చపాతీలు, గుడ్డు కూర పెట్టింది. చెప్పవలసిన జాగ్రత్తలు గొంతుదాకా వచ్చాయి. చెయ్యి దూరంగా పెట్టు, మాట్లాడుతూ కొయ్యవాక, నిద్రొస్తే ఆపెయ్యి. ఒక్కటీ బయటికి రాలేదు. తాను జాగ్రత్తపడితే ఏమవుతుందో నిన్ననే ఊరంతా చూసింది.

వలి బాషా చెప్పులు వేసుకుంటున్నాడు.

"నువ్వెక్కడికి?" అంది.

"వానితో పోయొస్తా. రంపం ముందర ఎక్కడ నిలబడాల, ఎక్కడ నిలబడకూడదు, చూపిచ్చి వస్తా."

ఆ షెడ్డు గడప తొక్కనని ఆయన ఒట్టేసుకుని ఏళ్ళయింది. ఖాలిద్ డబ్బా చంకలో పెట్టుకుని తండ్రి కోసం ఆగాడు. ఇద్దరూ పక్కపక్కన నడుచుకుంటూ వీధి మలుపు తిరిగారు. వలి బాషా కుడిచెయ్యి గాలిలో ఎత్తి, ఆ మిగిలిన రెండు వేళ్ళతో ఏదో కొలత చూపిస్తున్నాడు. ఖాలిద్ తల ఊపుతున్నాడు.

వహీదా వచ్చి మిషను ముందు కూర్చుంది. షెడ్డు రెండు వీధుల అవతలే. కాసేపటికి రంపం మొదలైంది, సన్నటి ఏడుపులా. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు వినపడకుండా కిటికీ మూసుకుని కుట్టేది. ఇవాళ లేచి కిటికీ తెరిచింది. జాకెట్టు చెయ్యి అతుకుతూ వింటూ కూర్చుంది. ఉన్నట్టుండి రంపం ఆగింది. ఆమె కాళ్ళు మిషను తొక్కడం ఆపేశాయి. టీ తాగడానికి ఆపారేమో. రాయి మారుస్తున్నారేమో. కరెంటు పోయిందేమో అని తలెత్తి చూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

సూది గుడ్డలో దిగి అట్లాగే ఉంది. ఆమె వీధివైపు చెవి పెట్టి కూర్చుంది.